ఆరోగ్య విషయములు: దుర్బల హృదయమునకు నడక



మన యిండ్లలో పెద్దలకు గుండెజబ్బు వచ్చినచో, వారిని మంచము దిగనీయకుండుటయే మహోపచారమని తలంతుము. చెంబెడు నీళ్ళు ముంచుకొనబోయినను "మీరు లేవవలదు, మేము లేమా?" అని వారింతుము. ఇది ప్రేమవలన జరుగుచున్నదే. కాని జబ్బు నెమ్మదించిన పిదపను ఇట్లే కట్టడి చేసినచో రోగికి మేలు కలుగదు. ఒకప్పుడు వైద్యులును విశ్రాంతినే విధించుచుండిరి. ఇటీవలి పరిశోధనములు ఆ యభిప్రాయమును మార్చినవి.

హార్టు ఫెయిల్యూరను పేరు వినినంతనే గుండె ఆగిపోయినదని భయపడరాదు. శరీరమునకు చాలినంత రక్తమును గుండె పంపజాలకుండుటయే దాని యర్థము. ఆరోగ్యవంతుల గుండెలో ఎడమ గది తనలోని రక్తములో సగముకంటె ఎక్కువ భాగమును ప్రతి స్పందనమునందును వెలికి నెట్టును. ఈ రోగులలో పలువురికి అది నూటికి 40 పాళ్ళు గాని, అంతకు తక్కువ గాని యుండును. ఇట్టివారు సదా పరుండియే యున్నచో కాళ్ళ కండరములును క్షీణించును. అప్పుడు నాలుగడుగులకే ఆయాసము వచ్చును. ఆయాసమునకు వెరచి పరుండుట, పరుండుటచేత ఆయాసము హెచ్చుట, ఇదియే వారి చిక్కు.

మితమైన వ్యాయామము ఈ చిక్కును సడలించును. కండరములు ప్రాణవాయువును చక్కగా వినియోగించుకొనును, రక్తనాళములు విచ్చుకొనును, ఆ మేరకు గుండెకు బరువు తగ్గును. జర్మనీలోని లైప్జిగ్ నగరమున 73 మంది పురుషులను రెండు జట్లుగా చేసి పరీక్షించిరి. ఒక జట్టువారు ఆరు నెలలు ప్రతిదినము 20 నిమిషములు, కదలక నిలిచియుండు సైకిలును త్రొక్కిరి. వారి గుండె వెలికి నెట్టు రక్తము సగటున నూటికి 30 పాళ్ళనుండి 35 పాళ్ళకు పెరిగినదని 2000లో ప్రకటించిరి. అమెరికా, కెనడా, ఫ్రాన్సు దేశములలో 2331 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితములు 2009లో వెలువడినవి. మరణములు, ఆస్పత్రి ప్రవేశములు కొంచెము మాత్రమే తగ్గినవి. కాని వ్యాయామము వారికి క్షేమకరమనియు, దినచర్య కొంత సుఖతరమైనదనియు తేలినది. అందు స్త్రీలు నూటికి 28 మందియే. అయినను ఫలము వారియందే అధికముగా కానవచ్చినది.

వ్యాయామమనగా దండీలు, బస్కీలు కావు, నడకయే చాలును. వైద్యుడు పరీక్షించి అనుజ్ఞ యిచ్చిన పిదపనే ప్రారంభింపవలెను. మొదట చదును నేలపై 5 లేక 10 నిమిషములు నడచి, వారములు గడచినకొలది అరగంటవరకు పెంచవచ్చును. నడచుచు మాటలాడగలుగుటయే దానికి కొలత. మాట తెగుచున్నచో వేగము తగ్గింపవలెను. భోజనమైన వెంటనేగాని, మండుటెండలోగాని నడువరాదు. రొమ్మునొప్పి, కన్నులకు చీకట్లు క్రమ్ముట, గుండెదడ కలిగినచో అప్పుడే ఆపి వైద్యునికి తెలుపవలెను. ప్రతి ఉదయము బరువు తూచి వ్రాసి యుంచుడు. మూడు దినములలో 2 కిలోలు పెరిగినను, పాదములు వాచినను, పరుండినపుడు ఊపిరాడకున్నను ఒంట నీరు చేరుచున్నదని గుర్తు. అట్టి దినములలో నడక మాని వైద్యుని చూడవలెను. నడచుచున్నాము గదా యని మందులు మానరాదు.

రోగి ఇల్లాలైనచో మరియొక మాట. "దినమంతయు ఇంటిపని చేయుచునే యున్నది గదా, వేరే నడక యేల?" అందురు. ఊపిరి బిగబట్టి నీళ్ళబిందె లేవనెత్తుటయు, వంగి బరువులు జరుపుటయు గుండెకు ఒక్కసారిగా భారము కలిగించును. క్రమమైన నడక యిట్టిది కాదు. కావున మామగారికి చేతికఱ్ఱ నందించి వీధిచివరవరకు తోడు పోవునట్లే, అత్తగారికిని తోడు పొండు. జబ్బు మీదే యైనచో, బిందె మరియొకరికి అప్పగించి, ఆ యరగంట మీకై అడిగి తీసికొనుడు. అది విలాసము కాదు. చికిత్సలో ఒక భాగము.