బట్టల వర్తకుడి కొడుకును షోలాపూరుకు రానివ్వండి

1206లో అస్సీసీ పీఠాధిపతి ఎదుట ఒక యువకుడు ఒంటిమీది బట్టలన్నీ ఊడదీసి తండ్రి ముందు పెట్టేశాడు. ఆ తండ్రి పియెత్రో బెర్నార్దోనె బట్టల వర్తకుడు. ఆ యువకుడే పునీత ఫ్రాన్సిస్. మన విచారణల్లో ఆయన ఎలా ఉన్నాడు? భుజం మీద పిట్ట, పక్కన తోడేలు, కాళ్ల దగ్గర పూలకుండీలు. క్రిస్మస్‌కు పశువుల పాక కట్టేటప్పుడు ఆయన్ని తలుచుకుంటాం. ఆయన కాదని వచ్చిన లాభాల లెక్కల గురించి మాత్రం నోరెత్తం.

షోలాపూర్ తూర్పు పేటల్లోకి రండి. తెలంగాణ నుంచి తరాల కిందట వలసపోయిన పద్మశాలీల పేటలు అవి. తెగిన పోగును వేలికొసలతో ముడేసి సాంచాను, అంటే మరమగ్గాన్ని, మళ్లీ నడిపే మనిషి కనుబొమ్మల నిండా దూది నుసి. గడపలో ఆయన భార్య, ఒడిలో చేట. చేటలో తునికాకు, తంబాకు, కత్తెర. ఆయనకు నేసినంతకే కూలి, ఆమెకు వెయ్యి బీడీల లెక్కన కూలి. సాంచా ఆగిన రోజు కూలీ లేదు. 2025 మే 18న అక్కల్‌కోట రోడ్డు ఎంఐడీసీలో టవళ్ల కార్ఖానా తగలబడి ఎనిమిది మంది చనిపోయారు. యజమాని ఇంటివాళ్లూ, పనివాళ్లూ ఒకే మంటల్లో పోయారు.

ఫ్రాన్సిస్ తన మరణశాసనంలో చెప్పిందేమిటి? తాను చేతులతో పనిచేశానని, సోదరులంతా చేయాలని, పని రానివాళ్లు నేర్చుకోవాలని. 1221 నాటి నియమావళి ఇంకా ఖండితం: పనిచేసే చోట సోదరులు పెత్తనం చేయకూడదు, ఖజానా పట్టుకోకూడదు. ఆ మాట మీద నిలబడితే మన సభల్లో బడుల కరెస్పాండెంట్ కుర్చీలు ఎన్ని ఖాళీ అవుతాయో లెక్కేసుకోండి!

ఆయన్ని మెత్తబరచడం ఇవాళ మొదలైంది కాదు. 1266లో సభ పెద్దలే ఆయన పాత జీవితచరిత్రలన్నీ నాశనం చేయమన్నారు. పేదరికం విషయంలో రాజీపడనందుకు 1318లో మార్సెయ్‌లో నలుగురు ఫ్రాన్సిస్కన్లను సజీవంగా కాల్చేశారు. పేదల ఏడుపూ భూమి ఏడుపూ కలిపి వినమని 2015లో పోప్ ఫ్రాన్సిస్ లేఖ రాస్తే, మనం నాలుగు మొక్కలు నాటి ఫొటో దిగాం.

2006లో షోలాపూర్ పక్కనే కుంభారి దగ్గర పదివేల మంది బీడీ కార్మిక స్త్రీలకు సొంత ఇళ్లు వచ్చాయి. ఎవరి వల్ల? నరసయ్య ఆడం నాయకత్వంలో ఎర్రజెండా పట్టుకుని ఆ స్త్రీలే కొట్లాడి తెచ్చుకున్నారు. అక్కడ మన జపమాలలు ఎక్కడ? సిగ్గుతో అడుగుతున్నాను.

ఆ పద్మశాలీలు మార్కండేయుణ్ణి కొలిచేవాళ్లు, మనకేం పని అంటారా? క్రూసేడు యుద్ధం నడుమ, 1219లో, ఆయుధం లేకుండా ఈజిప్టు సుల్తాను దగ్గరికి వెళ్లినవాడి శిష్యులు అనాల్సిన మాటేనా అది? వాళ్ల దేవుణ్ణి మార్చమని ఎవరూ అడగడం లేదు. వాళ్ల పక్కన నిలబడమంటున్నాను.

2026 అక్టోబరు 3తో ఆయన చనిపోయి 800 ఏళ్లు. తెలుగు నేలమీది ఫ్రాన్సిస్కన్ సభల పెద్దలారా, ఊరేగింపులూ సావనీర్లూ ఆపండి. ఇద్దరు బ్రదర్లను, ఇద్దరు సిస్టర్లను ఆ పేటలకు పంపండి. షోలాపూర్ పూనా మేత్రాసనం కిందిదని తప్పించుకుంటే సిరిసిల్ల ఉంది, అక్కడికి పంపండి. బడి పెట్టొద్దు, ఆసుపత్రి కట్టొద్దు. అద్దెగది తీసుకుని, సాంచా పని నేర్చుకుని, అందరితో పాటు కూలి తీసుకోమనండి. కూలి ఎగ్గొట్టిన రోజు, అందరితో కలిసి కార్ఖానా గేటు ముందు కూర్చోమనండి.