పెరటి చేపల కుంటకు మరో కుంట కలపాలంటే...

నిజాంపేట: కూకట్‌పల్లికి ఆవల ఒకప్పుడు పొలాలు, చెరువుల నడుమ ఉన్న పల్లె ఇది. 1998లో హైటెక్ సిటీ వెలసిన తరువాత దీని రూపు మారిపోయింది. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి నగరపాలక సంస్థ అయింది. గజం నేల లెక్కగట్టి అమ్మే ఈ చోట పెరడు మిగిలిన ఇళ్ళు తక్కువే. కాని శామీర్‌పేట, కీసర వైపు పల్లెల్లో ఇంటి వెనుక గుంటెడు జాగా ఉన్నవారు ఇంకా ఉన్నారు. అటువంటివారు మొదట చిన్న కుంట తవ్వి నాలుగు చేపలు వేస్తారు. అవి బతికితే పక్కనే మరొకటి తవ్వి, గొట్టంతో కలిపి పెంచుదామనుకుంటారు. చిక్కంతా ఈ కలపడంలోనే ఉన్నది.

ముందు రాబడి సంగతి చూద్దాం. బొచ్చె, రవ్వ వంటి చేపలను కలిపి పెంచే మట్టి కుంటలో హెక్టారుకు అయిదు నుంచి పది వేల పిల్లలు వేయడం వాడుక. అంటే గుంటకు యాభై నుంచి వంద మాత్రమే. ఇంటి కూరకు చాలు, పండుగకు చుట్టాలకు పంచవచ్చు. దీనితో కుటుంబం గడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు.

ఇక ఖర్చు. గుంట వైశాల్యమున్న కుంటలో వేసవిలో రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందని లెక్క వేసినా, సుమారు 800 లీటర్లు గాలిలో కలిసినట్లే. ఇది నేల ఇంకించుకునే నీటికి అదనం. అంతే వైశాల్యంలో రెండో కుంట తవ్వితే ఈ నష్టమూ రెట్టింపవుతుంది. ఏప్రిల్ నెలలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఈ నీరు ఎక్కడి నుంచి తేవాలి? 2020లో కేంద్రం ప్రారంభించిన మత్స్య సంపద పథకంలో పెరటి చిన్న యూనిటు ఖర్చును 50 వేల రూపాయలుగా నిర్ణయించారు. అందులో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం సబ్సిడీ పెట్టారు. మంచిదే. అయితే సబ్సిడీ ఒక్కసారి వస్తుంది, నీరు మాత్రం రోజూ పోయాలి. సాయం అడిగేవారు మొదట తమ బోరు మే నెలలో ఎంతసేపు పోస్తుందో చూసుకోవడం మేలు.

మన ప్రాంతపు ఎర్ర చెలక, మొరం నేలలు నీటిని నిలుపవు. చెరువు పూడిక మట్టి తెచ్చి అడుగున దట్టంగా మెత్తాలి, లేదా మందపాటి పాలిథిన్ షీటు పరచాలి. పాత కుంట అడుగు ఏళ్ళ తరబడి బురద పట్టి గట్టిపడి ఉంటుంది. కొత్తది అలా కాదు. రెండింటినీ అడుగున గొట్టం వేసి కలిపితే కొత్త కుంట ఇంకించుకున్న కొద్దీ పాత కుంట నీరు కూడా దిగిపోతుంది. రాత్రి పడుకుని తెల్లారి లేచేసరికి చేపలు బురదలో కొట్టుకుంటూ ఉంటాయి. అందుచేత అయిదడుగుల లోతు కుంటకు గొట్టం అడుగునుంచి రెండున్నర అడుగుల ఎత్తున ఉండాలి. అప్పుడు ఒకటి ఎండినా రెండవదానిలో సగం నీరు నిలుస్తుంది. గొట్టానికి గేటు వాల్వు, రెండు చివరలా జాలీ తప్పనిసరి. ఒక కుంటలో కొర్రమట్టలు, మరొక దానిలో బొచ్చె పిల్లలు ఉంటే జాలీ విలువ వేరే చెప్పనవసరం లేదు.

మరో పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. ఒకే మట్టంలో ఉన్న రెండు కుంటలను గొట్టంతో కలిపినంత మాత్రాన నీరు తిరగదు. కొత్త కుంటను అర అడుగు ఎత్తున కట్టి, కింది కుంటనుంచి మోటారుతో నీరు పైకి తోడితే, అది గొట్టం గుండా తిరిగి కిందికి వస్తుంది. మోటారును అడుగున పెట్టరాదు. పై గొట్టం మూసుకుపోతే కింది కుంట మొత్తం ఖాళీ అవుతుంది. సిమెంటు తొట్టి కట్టినవారు దానిని నింపి, పారబోసి, మళ్ళీ నింపి సున్నపు ఘాటు పోయేదాకా కొన్ని వారాలు ఆగాలి. ఆ నీటిని ముందే పాత కుంటలోకి వదిలితే ఉన్న చేపలు కూడా పోతాయి.

వానాకాలంలో పొర్లే నీరు ఎటు పోవాలన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. దీని సంగతి నిజాంపేటకు తెలుసు. 2016 సెప్టెంబరు వర్షాలకు ఎగువన తురక చెరువు పొర్లి, భండారీ లేఅవుట్‌లో నీరు రోజుల తరబడి నిలిచింది, సెల్లార్లు మునిగాయి. గొలుసుకట్టు చెరువుల మధ్య కాలువ మూసుకుపోతే నీరు తన దారి తాను వెతుక్కుంటుంది. పెరటి కుంటను చెరువు కాలువకు కలపడం రెండు విధాలా తప్పు. కాలువ మురుగు కుంటలోకి రావచ్చు, కుంటలోని చేపలు చెరువులోకి పోవచ్చు. మురికి నీటిలో కూడా బతుకుతుందని కొందరు ఆశపడే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను కేంద్రం 2000లోనే నిషేధించింది. అది తప్పించుకుని చెరువున పడితే మన దేశవాళీ చేపలను తినేస్తుంది. చెరువు శిఖంలో తవ్వే ఆలోచన అయితే అసలే వద్దు. పొర్లే నీటిని కూరపాదులకో, కొబ్బరి మొదళ్ళకో మళ్ళించడం సులువు. చేపల నీరు మొక్కలకు ఎరువు కూడా.

గొట్టం తెరవడానికి ముందు ఒక పరీక్ష ఉన్నది. కొత్త కుంట నింపి, నీటిమట్టం వద్ద కర్ర పాతి గీత పెట్టి వారం ఆగాలి. వేసవిలో ఆవిరయ్యేది వారానికి రెండంగుళాల పైచిలుకు. గీత అంతకన్నా చాలా కిందికి దిగితే నేల తాగుతున్నట్లు. అటువంటప్పుడు వాల్వు బిగించే ఉంచి, అడుగున మరొక పొర మట్టి మెత్తవలసి ఉంటుంది.