బాస్ ఎర, కొర్రమీను చెరువు

పొట్లం మీద నోరు బార్లా తెరిచి ఎగిరే చేప పేరు లార్జ్‌మౌత్ బాస్. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా. బిలాస్‌పూర్ చుట్టుపక్కల చెరువుల్లోనూ, ఊరి మధ్య నుంచి పారే అర్పా నదిలోనూ ఆ చేప లేదు. అయినా దానికోసం తయారైన మెత్తటి ప్లాస్టిక్ ఎరలు ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే చాలు, ఈ రైల్వే పట్నానికీ వచ్చేస్తాయి. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఇక్కడ స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు గాలానికి వానపామును గుచ్చడం తెలిసిన విద్యే. ప్లాస్టిక్ వానపాముతోనే వచ్చింది చిక్కు. డజన్ల ఆకారాలు, అంతకు మించి రంగులు. ఏది కొనాలి?

1949లో అమెరికాలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన ప్లాస్టిక్ వానపామును పోతపోయడంతో ఈ వ్యాపారం ఊపందుకుంది. అందులోని సూత్రం సులువైనదే. మెత్తటి ఒంట్లో గాలం మొన దాక్కుంటుంది కాబట్టి ఎర నాచుకూ, కొమ్మలకూ పట్టుకోదు. చేప కొరికినప్పుడు ఒళ్లు నొక్కుకుపోయి మొన బయటికొస్తుంది.

బాస్‌కు మన చెరువుల్లో దగ్గరి పోలిక కొర్రమీను. రెండూ చాటున మాటు వేసి కప్పలనూ, చిన్న చేపలనూ మింగేవే. కానీ కొర్రమీను గాలి పీల్చడానికి నీటిపైకి వస్తుంది. దాని పళ్లు పదును. సన్నటి ప్లాస్టిక్ వానపామును ఒకటి రెండు కాట్లకే చీల్చేస్తుంది. అందుకే తామరాకులు, గుర్రపుడెక్క పరుచుకున్న చెరువులో లోపల బోలుగా ఉండే కప్ప బొమ్మే మేలు. దాని రెండు గాలాల మొనలు వీపును అంటిపెట్టుకుని పైకి ఉంటాయి. ఆకుల మీదుగా లాగినా చిక్కుకోదు. చేప ఎగబడగానే కర్ర లాగేయకూడదు. కప్పను నోట్లోకి తీసుకునేదాకా ఓ క్షణం ఆగాలి.

రతన్‌పూర్ దగ్గరి ఖూటాఘాట్ జలాశయం లాంటి లోతైన నీళ్ల లెక్క వేరు. అక్కడ వాలుగ లాంటి వేటచేపలకు మూడు నాలుగు అంగుళాల చేప బొమ్మ, తోక తెడ్డులా ఆడేది, సీసం తలగాలానికి తొడిగి వాడాలి. రంగుల గురించి అంత బెంగ అక్కర్లేదు. తేట నీటికి ఆకుపచ్చ, గోధుమ లాంటి సహజమైన రంగులు, బురద నీటికి నలుపు లేదా కొట్టొచ్చే రంగు. ముందు నీళ్లు, తర్వాత సైజు, చివరికే రంగు. వేర్వేరు రకాల ప్లాస్టిక్‌లను ఒకే డబ్బాలో కలిపి పెడితే, అందులోనూ ఇక్కడి మే నెల ఎండల్లో, ఒకదానికొకటి కరిగి ముద్దయిపోతాయి.

అసలు పరీక్ష వానాకాలంలో. కొర్రమీను అప్పుడే పిల్లలు పెడుతుంది. గుంపుగా తిరిగే ఎర్రటి పిల్లలకు తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. ఆ గుంపు మీద కప్ప బొమ్మ పడితే కొర్రమీను ఆకలితో కాదు, కోపంతో విరుచుకుపడుతుంది. అంతకంటే తేలికైన వేట లేదు. అంతకంటే ఖరీదైనదీ లేదు. కాపలా పోయిన పిల్లలను మిగతా చేపలు మింగేస్తాయి. ఒక్క చేపకోసం వందల చేపలు పోయినట్టే. ఛత్తీస్‌గఢ్‌లో ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా చేపల వేటపై నిషేధం ఉంది. అయితే నదులతో, వాగులతో సంబంధం లేని చిన్న చెరువులకు అది వర్తించదు. కొర్రమీను పిల్లలు పెట్టేది ఎక్కువగా అలాంటి చెరువుల్లోనే. చట్టం ఆగినచోట వేటగాడే ఆగాలి.

తెగిన ఎర సంగతీ ఉంది. వానపామైతే మట్టిలో కలుస్తుంది. ప్లాస్టిక్ ముక్క చెరువు అడుగునే ఉంటుంది. చేపలు దాన్ని మింగుతున్నాయనే ఆందోళనతో 2013లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో నిషేధం బిల్లే పెట్టారు. నిషేధమైతే రాలేదు, సమస్య మాత్రం తేలింది. చిరిగిన ఎరను జేబులో వేసుకుని ఇంటికి తేవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

బిలాస్‌పూర్‌లో గాలం వేసేవారికి ఒక కప్ప, ఒక చేప బొమ్మ సరిపోతాయి. వానాకాలం రెండు నెలలూ ఆ రెండూ డబ్బాలోనే ఉంటే ఇంకా మంచిది. శీతాకాలానికి చెరువులో కొర్రమీను మిగులుతుంది.