సాఫ్ట్‌వేర్ అవసరాల పత్రం మా మాటల్లోంచే రావాలన్న తీర్మానం

మన్ననూర్ గ్రామసభ ఆమోదానికి ఉంచుతున్న ముసాయిదా
అమ్రాబాద్ మండలం, నాగర్‌కర్నూల్ జిల్లా

విషయం: చెంచు కుటుంబాలకు అందే సేవల కోసం ఇకముందు తయారు చేయించే సాఫ్ట్‌వేర్లకు ప్రజల అవసరాలు సేకరించే తీరు, అందులో కంప్యూటర్ భాషా పరిజ్ఞానాన్ని వాడుకునే పద్ధతి గురించి.

మన్ననూర్ ఐదో షెడ్యూలు ప్రాంతంలోని గ్రామం. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాలను ఈ సభ గుర్తుచేసుకుంటున్నది. అటవీ హక్కుల నియమాల్లో 13వది, క్లెయిము పెట్టుకున్నవారు కాక వేరే పెద్దలు చెప్పిన మాటను కాగితం మీద పెడితే దాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని చెబుతున్నది. భూమి హక్కు తేల్చడానికే నోటిమాట చెల్లుతున్నప్పుడు, ఆ హక్కును నమోదుచేసే కంప్యూటర్ ఎలా పనిచేయాలో చెప్పడానికి అదే నోటిమాట చెల్లదనడం సబబు కాదని సభ భావిస్తున్నది.

ఏ సాఫ్ట్‌వేర్‌కైనా కోడ్ కంటే ముందు అవసరాల పత్రం ఉంటుంది. ఏం చేయాలి, ఎవరి కోసం, ఎంతసేపట్లో, సిగ్నల్ పోతే ఏమిటి అన్నవన్నీ అందులో మామూలు వాక్యాలుగానే ఉంటాయి. ఆ వాక్యాలు మన దగ్గరికి రాకముందే ఎక్కడో ఖరారైపోతున్నాయి. ఉపాధి హామీ పనుల్లో ఎన్‌ఎంఎంఎస్ యాప్ ద్వారా రోజుకు రెండుసార్లు ఫొటోతో హాజరు వేయడం 2023 జనవరి 1 నుంచి దేశమంతా తప్పనిసరి చేశారు. సిగ్నల్‌ను నమ్ముకుని ఎవరూ బయల్దేరని పెంటలు, అంటే చెంచుల గూడేలు, ఫరహాబాద్ అవతల ఎన్ని ఉన్నాయో ఈ సభలో కూర్చున్నవారికి చెప్పనక్కర్లేదు. క్షేత్రంలో విచారించకుండా కంప్యూటర్ లెక్కల మీద ఆధారపడి తెలంగాణలో రద్దుచేసిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఊరూరా తిరిగి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ముందే అడిగి ఉంటే తేలేదానికి కోర్టు దాకా పోవలసి వచ్చిందని సభ అభిప్రాయం.

వాక్యాలను యంత్రంతో చదివించి సాఫ్ట్‌వేర్ నమూనా గీయవచ్చన్న ఆలోచన కొత్తదేమీ కాదు. నామవాచకాల్లోంచి వస్తువులను, క్రియల్లోంచి పనులను తీయవచ్చని రసెల్ అబ్బాట్ 1983లోనే రాశారు. ఈ రంగంలో వెలువడిన 404 పరిశోధనలను 2021లో ఒక సమీక్ష పరిశీలిస్తే, నిజమైన పరిశ్రమల్లో పరీక్షించి చూసినవి నూటికి ఏడే అని తేలింది. ఎక్కువమంది వాడిన ప్రామిస్ అనే వాక్యాల కూర్పులో ఉన్నవి 625 వాక్యాలు. అవీ ఇంగ్లిషువే, విద్యార్థుల ప్రాజెక్టుల్లోంచి తీసినవే. కాబట్టి నల్లమల మాట ఆ యంత్రాలకు వచ్చునని ముందే అనుకోవద్దు.

ఇక అసలు సంగతి. గిరిజన సహకార సంస్థ డిపోలో తేనె, జిగురు, కుంకుళ్లు కొనడానికి ఒక యాప్ తయారవుతున్నదనుకుందాం. పెంట నుంచి వచ్చిన మనిషి, "తేనె కాంటా ఏసిన్నాడే పైసలు రావాలె, సిగ్నల్ లేకున్నా రశీదు కావాలె" అంటాడు. రాసుకునేవారు దాన్ని "చెల్లింపులు సకాలంలో జరుగవలెను, రశీదుకు తగిన ఏర్పాటు ఉండవలెను" అని మారుస్తారు. మొదటి మాటలో గడువు ఉంది, అదే రోజు. సిగ్నల్ లేని చోట ఏం కావాలో కూడా ఉంది. రెండోదాంట్లో రెండూ పోయాయి, మర్యాద మాత్రం మిగిలింది. 'సకాలంలో', 'తగిన', 'వీలైనంత', 'మొదలగు' అన్నవి కొలతకు అందని మాటలని యంత్రం ఎర్రగీత గీసి చూపగలదు. చెల్లించేది ఎవరో వాక్యంలో లేదని కూడా చూపగలదు. తెలుగులో కర్తను వదిలేసి మాట్లాడటం మనకు అలవాటే, ఎదుట మనిషి ఉంటే చాలు, అర్థమైపోతుంది. కోడ్ రాసేవారి ఎదుట మాత్రం మనం ఉండం.

పై విషయాలను గమనించి ఈ సభ కింది విధంగా తీర్మానిస్తున్నది.

ఒకటి. అవసరాల సేకరణ పెంటల్లోనే, చెంచులు రోజూ మాట్లాడే తెలుగులోనే జరగాలి. చెప్పినవారి సమ్మతితో గొంతు రికార్డు చేయాలి. చెప్పింది చెప్పినట్టు రాసిన ప్రతే మూలప్రతి. కార్యాలయ భాషలో రాసుకున్నది దాని పక్కన ఉండవచ్చు గానీ దాని స్థానంలోకి రాకూడదు. సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలను పేర్లు తీసేసి ఈ పనికి వాడుకోవచ్చు.

రెండు. ఆ వాక్యాలను విడదీయడం, ఒకే మాట పదిమంది చెబితే ఒకచోట చేర్చడం, కర్త లేని వాక్యాలను, కొలత లేని మాటలను గుర్తుపట్టడం, ఒకదానికొకటి పొసగని కోరికలను పక్కపక్కన పెట్టడం, ఇంతవరకు యంత్రానికి అప్పగించవచ్చు. ఒకరు తేనె తీసిన చోటు మ్యాపులో పడాలంటారు, తీసేవారు పట్టు ఉన్న చోటు బయటపెట్టవద్దంటారు. ఈ రెండు వాక్యాలూ ఎదురెదురుగా ఉన్నాయని చెప్పడమే యంత్రం పని. ఏది ఉండాలో తేల్చేది ఈ సభ. యంత్రం పూరించిన కర్తను, ఊహించిన గడువును ఎవరూ అవసరంగా లెక్కించకూడదు.

మూడు. యంత్రం అనుమానం లేని వాక్యాలను అనవసరంగా చూపితే మనం కూర్చుని తీసేయవచ్చు. అది పెద్ద కష్టం కాదు. చూపాల్సిన వాక్యం ఒక్కటి వదిలేస్తే మాత్రం అది ఎప్పటికి బయటపడుతుందో ఎవరికీ తెలియదు. అందుచేత ఏ పరికరాన్ని ఎంచుకున్నా అది ఎన్ని వదిలేస్తున్నదో మొదట చూడాలి. ఇక్కడి వాక్యాలను చేతితో గుర్తుపెట్టి, వాటితో సరిపోల్చి మరీ చూడాలి.

నాలుగు. తయారైన యాప్‌లో ప్రతి తెరకూ, ప్రతి నిబంధనకూ అది ఎవరి మాటలోంచి వచ్చిందో చూపే సంఖ్య ఉండాలి. ఏ మాటతోనూ ముడిపడని నిబంధన ఉంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో సంబంధిత శాఖ సభకు చెప్పాలి.

ఐదు. తెలుగు మాటను రాతగా మార్చే పనిలో 2022లో మొదలైన భాషిణి వేదికనూ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని భాషా సాంకేతిక పరిశోధన కేంద్రాన్నీ సంప్రదించాలని ఐటీడీఏను సభ కోరుతున్నది. రికార్డులు 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి లోబడి ఉండాలి. వేరే యంత్రాలకు నేర్పడానికి వాటిని ఇవ్వాలంటే మళ్లీ అడగాలి.

ఆరు. ఖరారయ్యే ముందు అవసరాల పత్రాన్ని సభలో చదివి వినిపించాలి. ఆ రోజు సగం మంది సభ్యులు, హాజరైనవారిలో మూడో వంతు మహిళలు ఉండాలన్న అటవీ హక్కుల నియమాల కోరమే దీనికీ వర్తిస్తుంది. మాట చెప్పడానికి పని మానుకుని వచ్చినవారికి ఆ రోజు కూలి సాఫ్ట్‌వేర్ బడ్జెట్‌లోంచే ఇవ్వాలి. ప్రోగ్రామరు గంటలకు డబ్బు లెక్కకట్టేవారు వీరి గంటలను ఉచితం అనుకోవడం కుదరదు.

ఏడు. ఆమోదం పొందిన తర్వాత తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టరుకు, మన్ననూర్ ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, గిరిజన సహకార సంస్థకు, అటవీ శాఖకు పంపాలి. జవాబులు వచ్చాక వాటిని తర్వాతి గ్రామసభ ఎజెండాలో మొదటి అంశంగా పెట్టాలి.