సిద్ధాంతాలు సీఈసీ పిల్లలకేనా?

తెలంగాణలో ఇంటర్ చదివే పిల్లల్లో ఉదారవాదం, సోషలిజం, మార్క్సిజం అనేవాటిని పాఠంగా చదివేది సీఈసీ, హెచ్‌ఈసీ లాంటి సివిక్స్ ఉన్న గ్రూపుల వాళ్లే. ఎంపీసీ, బైపీసీల్లో చేరినవాళ్లు పదో తరగతి సోషల్ పరీక్ష రాసి బయటికొచ్చిన రోజే రాజకీయ చింతనకు నీళ్లొదిలేస్తారు. 1989లో అమల్లోకి వచ్చిన 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి దించింది కాబట్టి, ఇంటర్ అయిన కొద్దికాలానికే వీళ్లంతా ఓటర్లు. పార్టీల గుర్తులు, నాయకుల కులాలు అప్పటికే కంఠతా వచ్చి ఉంటాయి. ఒక పార్టీ ప్రైవేటు పెట్టుబడిని ఎందుకు పిలుస్తోంది, ఇంకొకటి ఎందుకు వద్దంటోంది, ఆ మాటల వెనక వాదన ఏమిటి అన్నది మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. ఈ చదువు గ్రూపుతో పని లేకుండా అందరికీ ఉండాలి. అదీ నిర్వచనాల పట్టికలా కాదు, ఒకే ప్రశ్న మీద పోటీపడే జవాబులుగా ఉండాలి. గడ్డపోతారం లాంటి చోట అలాంటి ప్రశ్న కోసం పుస్తకం తెరవాల్సిన పని కూడా లేదు.

సంగారెడ్డి జిల్లాలోని ఈ మందుల, రసాయనాల పారిశ్రామికవాడ, దాని చుట్టుపక్కల ఖాజీపల్లి, బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు వాటంతట అవి మొలిచినవి కావు. పెద్ద పరిశ్రమ ప్రభుత్వం చేతిలోనే ఉండాలన్న నెహ్రూ కాలపు సోషలిస్టు నమ్మకంతో 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, సోవియట్ సాయంతో బాలానగర్ దగ్గర ఐడీపీఎల్ వచ్చాయి. 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు పరిమితం చేసింది. ఆ చట్టం అండతో, ఐడీపీఎల్‌లో పని నేర్చిన వాళ్ల చేతుల మీదుగా హైదరాబాద్ చుట్టూ ప్రైవేటు బల్క్ డ్రగ్ కంపెనీలు లేచాయి. 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన ఇందిరాగాంధీ కాలంలో లైసెన్సులదే రాజ్యం. 1991లో ప్రధాని అయిన పీవీ నరసింహారావు వాటిని చాలావరకు ఎత్తేశారు. 2005లో ప్రపంచ వాణిజ్య ఒప్పందాల పుణ్యమా అని మందుకే పేటెంటు మళ్లీ వచ్చింది. ఒక్క రియాక్టరు షెడ్డు వెనక ఇన్ని సిద్ధాంతాల రాకపోకలున్నాయి. ఆ షెడ్డులో రేపు కెమిస్టుగా చేరబోయే బైపీసీ విద్యార్థికి వీటిలో ఒక్కటీ సిలబస్‌లో లేదు!

ఇక ఈ ఫ్యాక్టరీల పక్కనున్న చెరువు సంగతి. పటాన్‌చెరులో ఫ్యాక్టరీల వ్యర్థ జలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత గాఢత ఉండదు. యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువులు ఖాజీపల్లి చెరువులో రకరకాలుగా పోగుపడ్డాయని 2014లో మరో పరిశోధన వచ్చింది. ఇక్కడ ఉదారవాది ఫ్యాక్టరీ పక్షమే అని చాలామంది అనుకుంటారు. కానీ ఉదారవాద తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ చెప్పిన ప్రకారం ఒకరి స్వేచ్ఛను అడ్డుకోగలిగేది ఎదుటివారికి జరిగే హాని. ఆస్తి హక్కును గట్టిగా నమ్మేవాడైతే చెరువు కింది రైతు పొలం ఆస్తి కాదా అని నిలదీస్తాడు. 1959లో స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైన ఎన్.జి. రంగా సహకార సేద్యాన్ని ఎదిరించింది రైతు భూమి పేరు మీదే. మార్క్సిస్టు జరిమానాల దగ్గర ఆగడు. లాభం యజమానికి, విషం ఊరికి పోయే ఏర్పాటునే తప్పుపడతాడు, 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో చనిపోయిన 40 మందికి పైగా మనుషుల్లో వలస కార్మికులే ఎందుకు ఎక్కువని అడుగుతాడు. చెరువు తరతరాల ఉమ్మడి సొత్తు, ఒక తరం దాన్ని తగలేసే హక్కు ఎక్కడిదని సంప్రదాయవాది అంటాడు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో పల్లెల పొగడ్తను తీసిపారేసిన అంబేడ్కర్‌ను చదివినవాడి ప్రశ్న వీటన్నిటికంటే ఇబ్బంది పెడుతుంది: ఆ పాత ఊళ్లో చెరువు నీళ్లు ఎవరికి అందేవి? దొర పొలంలో కూలికి బదులు ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరికిన నెల జీతం కొందరికి విముక్తి కాదా? పదిహేడేళ్ల పిల్లలు ఈ వాదనల్లో ఏదో ఒకదానివైపు మొగ్గుతారు, మొగ్గనివ్వండి. మిగతావాటిని వాటిని నమ్మేవాళ్లు ఒప్పుకునేంత నిజాయితీగా చెప్పగలగడమే చదువు.

పంతుళ్లు తమ పార్టీని పిల్లల నెత్తికెక్కిస్తారన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు. నాజీల చేతుల్లో బడి ఏమైందో చూసిన జర్మనీకి ఈ భయం మనకంటే ఎక్కువ. అక్కడ 1976లో బోయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో పౌర విద్య నిపుణులు కూర్చుని ఒక అంగీకారానికి వచ్చారు. అభిప్రాయాన్ని విద్యార్థి మీద రుద్దకూడదు, సమాజంలో వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనబడాలి, తన స్థితిగతులను తానే తూకం వేసుకునే సత్తా విద్యార్థికి రావాలి. తగాదాను దాచడం కంటే, తగాదాగానే చూపించడం వల్ల పక్షపాతానికి కళ్లెం పడుతుందని వాళ్లు గ్రహించారు. మన దగ్గర బడి మౌనంగా ఉన్నంత మాత్రాన పిల్లలు తటస్థంగా ఏమీ ఉండటం లేదు. ఆ ఖాళీని వాట్సాప్ నింపుతోంది, దానికి ఏ నియమమూ లేదు.

దీనికంటే లోతైన అభ్యంతరం ఇంకోటుంది. అన్ని వాదాలనూ పక్కపక్కన పెట్టి నచ్చింది ఎంచుకోమనడమే ఉదారవాదం, దొడ్డిదారిన దాన్నే గెలిపిస్తున్నారు అని. ఇందులో నిజం ఉంది, పిల్లలకు ఆ మాట కూడా చెప్పాలి. అయితే ఈ పద్ధతి మనకు అరువు సరుకు కాదు. సభ పెట్టుకోవాలంటే నిజాం సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో, 1930లో ఇదే జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. తర్వాత అదే వేదిక మీద మితవాదులు, కమ్యూనిస్టులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 1944లో భువనగిరి సభలో చీలిపోయారు కూడా. కమ్యూనిస్టులు జనాన్ని తమవైపు తిప్పుకున్నది ఆ వేదిక తెరిచి ఉండబట్టే. వాదించే చోటు ఉదారవాదులకెంత అవసరమో, వాళ్లను ఓడించాలనుకునేవాళ్లకూ అంతే అవసరం.

ఎప్‌సెట్ ముందు ఇవన్నీ ఎవరికి కావాలి, టైమెక్కడిది అనేది తల్లిదండ్రుల మాట, అందులో కష్టం నిజమే. కరోనా ఏడాది సిలబస్ తగ్గించాల్సి వచ్చినప్పుడు సీబీఎస్‌ఈ 11వ తరగతి పొలిటికల్ సైన్స్‌లో పౌరసత్వం, లౌకికవాదం పాఠాలనే పూర్తిగా పక్కన పెట్టింది కాబట్టి, పెద్దలకూ వీటి మీద ఉన్న గౌరవం అంతంతమాత్రమే. నేను అడిగేది మరో సబ్జెక్టు కాదు. వారానికి ఒక పీరియడు, అన్ని గ్రూపులకూ. అసలు చిక్కు పరీక్షలో ఉంది. పదో తరగతిలో ‘అభివృద్ధి భావనలు’ అనే మంచి పాఠం ఉంది, అది పరీక్షకొచ్చేసరికి తలసరి ఆదాయం బిట్లుగా కుదించుకుపోతుంది. ‘ఉదారవాద లక్షణాలు రాయుము’ అని అడిగితే గైడు చాలు. కెనడాలోని అల్బర్టాలో 12వ తరగతి సోషల్ స్టడీస్ మొత్తం ఉదారవాదం, దాని ప్రత్యర్థుల చుట్టూ నడుస్తుంది. చివరి పరీక్షలో ఒక అభిప్రాయాన్ని ముందు పెట్టి, దాన్ని ఎంతవరకు అంగీకరించాలో వాదించమంటారు. ఏ పక్షం తీసుకున్నారన్నదానికి మార్కులు లేవు, ఎలా నిలబెట్టారన్నదానికే. కాల్గరీ, ఎడ్మంటన్‌లలో తెలుగు పిల్లలు కూడా అది రాస్తున్నారు. మన ఇంటర్ బోర్డు అలాంటి ప్రశ్న ఒక్కటి పెట్టినా, ఎటు రాసినా మార్కులు పోవని పిల్లలకు, ఎటు చెప్పినా మెమో రాదని లెక్చరర్లకు ముందుగానే రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.