నిస్సంతు అని రాసేస్తే సరా?

మన వంశవృక్షాల్లో కొన్ని కొమ్మల చివర 'నిస్సంతు' అని ఒక్క మాట ఉంటుంది. అంతే. పిల్లలు కావాలనుకుని కలగని ఆ తాతయ్య మనసులో ఏముందో ఎవరూ అడగలేదు. ఆడవాళ్లనైతే గొడ్రాలని ఆడిపోసుకున్నారు (అది వేరే పాపం), మగవాడి బాధకి ఆ పాటి మాట కూడా లేదు.

సర్కారు లెక్కలూ ఇంతే. 2011 జనగణనలో ఎంతమంది పిల్లల్ని కన్నారన్న ప్రశ్న ఆడవాళ్లకే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 54 ఏళ్లు దాటిన మగవాళ్లని అడగనే అడగదు. ఇక వాళ్ల గోడు వినాలంటే పరిశోధకులు ఇళ్లకే రావాలి. వస్తే మనమేం చేస్తాం? "మామయ్యని కెలకొద్దండీ, బాధపడతారు" అని గుమ్మంలోంచే పంపేస్తాం. ఆయన బాధ కోసమా, మన పరువు కోసమా?

తమిళనాట మన ఇళ్లలో చెవులు కుట్టేటప్పుడు పిల్లని కూర్చోబెట్టడానికి మేనమామ ఒడి కావాలి. ఆ ఒడికి సొంత పిల్లలు లేకపోయినా పనికొస్తుంది. ఆస్తి మాటలొచ్చినప్పుడు మాత్రం "నీకెవరున్నార్లే" అంటాం! రేపు ఆసుపత్రిలో సంతకం ఎవరు పెడతారన్నది ఆయన రాత్రిళ్లు ఒంటరిగా ఆలోచించుకోవాలి.

పేరు బయటపెట్టరు కదా, మధ్యలో ఆపేయొచ్చా, తమిళం కలిసిన మన తెలుగులోనే చెప్పొచ్చా అని వచ్చినవాళ్లని నిలదీయండి, తప్పులేదు. ఆ తర్వాత ఆయన్నే అడగండి. వద్దనుకుంటే ఆయనే అంటారు, మీరనక్కర్లేదు.