దృష్టి పరిధి అంటే దూరం కాదు, బాధ్యత

డ్రోన్ పైలట్ శిక్షణలో దృష్టి పరిధి నియమం ప్రస్తావనకు రాగానే తరచుగా ఎదురయ్యే ప్రశ్న "ఎన్ని మీటర్ల వరకు పంపవచ్చు?" అన్నది. ప్రశ్న సహజమైనదే కాని, నియమం ఉద్దేశం అందులో లేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్వచనంలో మీటర్ల లెక్క కనిపించదు. పైలట్ గాని, అతనికి తోడుగా ఉన్న పరిశీలకుడు గాని ఏ పరికరం సాయం లేకుండా డ్రోన్‌ను నేరుగా చూస్తూ ఉండాలన్నదే దాని సారాంశం. మన దేశంలో 2018 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన తొలి నిబంధనలు ఈ సూత్రాన్నే విధించాయి. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాలు అనుమతులను ఎంతో సరళం చేశాయి. పచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అవసరం లేకుండా పోయింది. అనుమతి సులభమైన కొద్దీ పైలట్ విచక్షణపై భారం పెరిగింది.

అమెరికా నిబంధన ఈ విషయాన్ని మరింత వివరంగా చెబుతుంది. డ్రోన్ ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఏ దిక్కుకు పోతోంది, దాని వల్ల ఎవరికైనా ప్రమాదముందా అన్నవి కంటితోనే తేల్చుకోగలగాలి. అంటే డ్రోన్ చుక్కలా కనిపించినంత మాత్రాన నియమం పాటించినట్లు కాదు. 35 సెంటీమీటర్ల కెమెరా డ్రోన్ 400 మీటర్ల దూరంలో చంద్రబింబం వెడల్పులో పదో వంతుగా మాత్రమే కనిపిస్తుంది. అది ఉన్నదని తెలుస్తుంది; ఎటు తిరిగి ఉన్నదో తెలియదు.

ఈ తేడాను గ్రహించడానికి హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాలు మంచి ఉదాహరణ. రాతి గుట్టలు, వాటిపై అంచెలంచెలుగా లేచిన భవనాలు, చెట్లు, తీగలు, కింద రద్దీ రోడ్లు అక్కడి నేపథ్యం. బేగంపేట విమానాశ్రయం సమీపంలో ఉన్నందున ముందుగా డిజిటల్ స్కై పటం చూడక తప్పదు. అటువంటి చోట డ్రోన్ ఒక మలుపు తిరిగితే చాలు, వంద మీటర్ల లోపే కంటికి మరుగవుతుంది. అందుకే పెద్ద చిత్రీకరణల్లో పని విభజన ఉంటుంది. ఒకరు డ్రోన్‌ను నడుపుతారు, వేరొకరు తెర చూస్తూ కెమెరాను తిప్పుతారు. అవసరమైన చోట మరొకరు నిలబడి వాకీటాకీలో హెచ్చరిస్తారు. దృశ్యం అందం చూసే కన్ను వేరు, ప్రమాదం చూసే కన్ను వేరు.

పంట పొలంలో ఈ విభజన లోపిస్తోంది. పొలం విశాలం కాబట్టి అంతా కనిపిస్తుందన్న భావన బలంగా ఉంది. ఇది సరికాదు. కెమెరా డ్రోన్ ఆకాశం నేపథ్యంలో కనిపిస్తుంది. పిచికారీ డ్రోన్ పైరుకు కొద్ది మీటర్ల ఎత్తులోనే ఎగురుతూ చెట్ల నీడలో కలిసిపోతుంది. మోకాలెత్తు వరిలో గట్టు మీద నిలబడిన పైలట్‌కు మడి అవతలి అంచు కనిపిస్తుంది. జల్లు తీసిన మొక్కజొన్నలో, ఏపుగా పెరిగిన కందిలో అదే దూరం కనిపించదు. ఒకటిన్నర మీటర్ల పిచికారీ డ్రోన్ 300 మీటర్ల దూరంలోనూ కంటికి ఆనుతుంది. అయితే అది కరెంటు తీగకు ముందున్నదా, వెనుకనున్నదా అన్నది అంత దూరం నుంచి తేల్చడం కష్టం. అవతలి గట్టున కలుపు తీస్తున్న కూలీలపైకి మందు తుంపర గాలికి కొట్టుకుపోతున్నదా అన్నదీ తెలియదు. అక్కడ ప్రమాదం యంత్రానికి కాదు, మనుషులకు.

జీపీఎస్ దారి, రాడార్ ఉండగా కన్ను ఎందుకన్న వాదన ఉంది. సన్నని తీగను రాడార్ ప్రతిసారీ పసిగట్టలేదు. ముందే గీసిన దారికి ఇప్పుడే చేలోకి దిగిన మనిషి సంగతి తెలియదు. రెండో మనిషి ఖర్చు భారమన్నది ఇంకో అభ్యంతరం. నిజానికి మందు కలపడానికి, బ్యాటరీలు మార్చడానికి ఒక సహాయకుడు సాధారణంగా ఉంటూనే ఉన్నాడు. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం కూడా పైలట్‌తో పాటు సహాయకునికి శిక్షణ కల్పిస్తోంది. డ్రోన్ గాలిలో ఉన్నంతసేపు ఆ సహాయకుడు తదుపరి ట్యాంకు సిద్ధం చేయకుండా అవతలి మూల నిలబడి చూడాలి. ఎకరాకు కొన్ని నిమిషాలు అదనంగా పట్టే మాట వాస్తవం. ఎకరాల లెక్కన కిరాయి తీసుకునే పైలట్‌కు అది నష్టమే. కనుక కిరాయి నిర్ణయంలోనే ఆ సమయాన్ని కలపడం న్యాయం.

విస్తరణ శాస్త్రవేత్తలు ప్రదర్శన క్షేత్రాల్లో మూడు పనులను అలవాటుగా మార్చాలి. మొదటిది, ట్యాంకు నింపక ముందే పొలం నాలుగు మూలలూ నడిచి తీగలు, చెట్లు, మనుషులు ఉన్న చోట్లను గుర్తించడం. రెండవది, పైరు ఎత్తును బట్టి పైలట్ నిలబడే స్థలాన్ని, అవసరమైతే చేనును రెండు ముక్కలుగా పిచికారీ చేయడాన్ని నిర్ణయించడం. మూడవది, పరిశీలకుడు "ఆపు" అనగానే ప్రశ్నించకుండా డ్రోన్‌ను నిలిపే కట్టుబాటు. విద్యార్థుల పరీక్షల్లో సైతం నియమం నిర్వచనం అడగడం కన్నా ఒక మొక్కజొన్న చేను పటం ఇచ్చి "ఎక్కడ నిలబడతారు, ఎందుకు?" అని అడగడం మేలు. ఆ ప్రశ్నకు సరైన జవాబు రాయగలిగిన విద్యార్థికి నియమం అర్థమైనట్లే.